యంత్రం వస్తే రానీ, కాంటా చీటీ మాత్రం రైతు చేతిలో ఉండాలె

గోదాము అనగానే మీ కళ్ల ముందు ఏం కదులుతుంది? రేకుల షెడ్డు, కింద చెక్క పలకలు, వాటి మీద కప్పు అందేదాకా పేర్చిన బస్తాలు, వీపున సంచి వేసుకుని వంగి వంగి లారీ ఎక్కుతున్న హమాలీ, ముక్కులు బద్దలయ్యే మందు గోలీల వాసన. మన నాయనల కాలంలో ఇదే, ఇప్పుడూ చాలా మటుకు ఇదే. అయితే ఈ పద్ధతి మారుతోంది. మనిషి చెయ్యి తగలకుండానే ధాన్యాన్ని తూచి, దించి, పైకెత్తి, చల్లబరిచి, నెలల తరబడి చెడిపోకుండా నిలవ ఉంచే యంత్రాలు మన దేశంలోకి వచ్చి చాలా కాలమైంది. రేపో మాపో మన మండలానికీ వస్తాయి. "అది మంచిదేనా సారూ?" అని ఊళ్లల్లో అడుగుతున్నారు.

మంచిదే. కానీ ఆ యంత్రాన్ని ఎక్కడ పెడుతున్నారు, అది చూపిన తూకం ఎవరి చేతికి అందుతుంది అన్నది చూడకుండా చప్పట్లు కొట్టడానికి మాత్రం నేను సిద్ధంగా లేను. ఎందుకో చెబుతాను.

ముందు ఆ యంత్రాల సంగతి చూద్దాం. పంజాబులో మోగా, హర్యానాలో కైతల్ అనే ఊళ్లున్నాయి. భారత ఆహార సంస్థ (ఎఫ్.సి.ఐ.) కోసం అక్కడ అదానీ కంపెనీ కట్టిన ఉక్కు సైలోలు ఇంచుమించు 2007-08 నుంచి పనిచేస్తున్నాయి. ఒక్కో చోట 2 లక్షల టన్నుల గోధుమలు పడతాయి. సైలో అంటే బ్రహ్మపదార్థం కాదు. మన ఇళ్లల్లో ఒకప్పుడు ఉన్న గుమ్మికి పెద్దన్న అనుకోండి. వెదురుకు బదులు ఉక్కు, పేడ అలుకుడుకు బదులు జింకు పూత.

రైతు గోధుమలను సంచుల్లో నింపకుండా ట్రాలీలో కుప్పగానే పోసుకుని వస్తాడు. ట్రాలీ వే బ్రిడ్జి ఎక్కుతుంది. ఒక గొట్టం కుప్పలోకి దిగి నమూనా లాగుతుంది. తేమ, చెత్త, ముక్క గింజ ఎంతెంతో పరీక్ష చేస్తారు. ఆ తర్వాత సరుకును నేల కింది గుంటలోకి ఒంపేస్తారు. అక్కడి నుంచి బెల్టుకు కట్టిన బకెట్లు గింజను తోడుకుంటూ సైలో నెత్తికి చేరుస్తాయి. లోపల పై నుంచి కింది దాకా తీగలు వేలాడుతుంటాయి. ఏ ఎత్తులో ఎంత వేడి ఉందో అవి గదిలోని కంప్యూటరుకు చెబుతుంటాయి. ఒక చోట వేడి పెరిగిందంటే అక్కడ తేమో, పురుగో చేరిందన్న మాట. వెంటనే ఫ్యాన్లు తిప్పి చల్లగాలి ఎక్కిస్తారు. గోధుమలు బయటకు పోయేటప్పుడు కూడా సంచి లేదు. పైన నింపి కింద వదిలే ప్రత్యేక రైలు వ్యాగన్లలో చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు లాంటి చోట్లకు పోతాయి.

బాగుంది కదూ! సంచి ఖర్చు లేదు, కొక్కేలు దిగి గింజ కారేది లేదు, ఎలుక లేదు, వాన భయం లేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. సైలోలో పడ్డాక అది సర్కారు గోధుమ, రైతుది కాదు. సంచి మిగిలింది ఎఫ్.సి.ఐ.కి, కూలీ మిగిలిందీ ఎఫ్.సి.ఐ.కే. రైతుకు మిగిలింది ప్రధానంగా సమయం. ట్రాలీ తొందరగా ఖాళీ అవుతుంది. అది చిన్న లాభమని నేననను. మన కొనుగోలు కేంద్రాల్లో వారం, పది రోజులు వడ్ల కుప్ప పక్కనే పడుకున్న వాళ్లకు దాని విలువ తెలుసు. అయినా 2020లో మూడు సాగు చట్టాల మీద లేచిన పంజాబు రైతులు ఆ మోగా సైలో ముందు కూడా బైఠాయించారు. ధాన్యం వెళ్లే దారి మొత్తం ఒక్క చేతికి చిక్కితే రేపు ధర ఎవరు చెబుతారు అన్నదే వాళ్ల భయం. ఆ చట్టాలు 2021 చివర్లో రద్దయ్యాయి. సైలో యంత్రాలు చెడ్డవని వాళ్లనలేదు. ఆ తేడాను మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన సంగతి. మనది గోధుమ కాదు, వడ్లు. గోధుమ ఎండల్లో కోతకొస్తుంది, పొలంలోనే ఎండి వస్తుంది. మన వడ్లు హార్వెస్టరు కోస్తే తడితడిగా వస్తాయి. సర్కారు కొనాలంటే తేమ 17 శాతం మించకూడదు. నెలల తరబడి సైలోలో ఉంచాలంటే 17 కూడా ఎక్కువే, 13 దగ్గరికి రావాలి. పైగా వడ్ల పొట్టు గరుకు. బెల్టులనూ, బకెట్లనూ గీరి అరగదీస్తుంది. గోధుమతో పోలిస్తే వడ్లు తేలిక, అదే బరువుకు ఎక్కువ చోటు కావాలి. అలాగని వడ్లు సైలోకు పనికిరావని ఎవరైనా అంటే నమ్మొద్దు. అమెరికాలో అర్కాన్సా, కాలిఫోర్నియా రాష్ట్రాల రైతులు వడ్లను ఉక్కు గాదెల్లోనే నిలవ చేస్తారు. కాకపోతే ముందు ఆరబెట్టే యంత్రం ఉంటుంది, తర్వాతే గాదె.

అందుకే నన్నడిగితే మన జిల్లాకు మొదట రావాల్సిన యంత్రం సైలో కాదు, డ్రయ్యరు. 2023 ఏప్రిల్, మే నెలల్లో అకాల వానలకు తెలంగాణలో కల్లాల మీది వడ్లు తడిసి మొలకలొచ్చిన సంగతి మీరెవరూ మరచిపోలేదు. టార్పాలిన్ కింద వడ్లు ఆవిరి పట్టి రంగు మారితే ఎంత పెద్ద గోదాము కట్టి ఏం లాభం? ప్రతి సొసైటీ దగ్గర పొట్టుతో మండే ఒక డ్రయ్యరు, ఒక ప్యాడీ క్లీనరు, బస్తాను పైకి చేర్చే ఒక చిన్న కన్వేయరు బెల్టు ఉంటే చాలు, సన్నకారు రైతుకు సగం ఆధునికత వచ్చినట్టే. ఇవి ఫొటోల్లో గొప్పగా కనబడవు. రిబ్బన్ కత్తిరించే వాళ్లకు సైలో అయితేనే బాగుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తరుగు.

ఖాళీ గన్నీ సంచి బరువు 580 గ్రాములు. బస్తాలో 40 కిలోల వడ్లు పోస్తే కాంటా మీద 40 కిలోల 580 గ్రాములు చూపించాలి. అంతే. కానీ 41, 42 కిలోలు పెడితే గానీ బస్తా కుట్టడం లేదన్న మాట ఏ సీజన్‌లో వినలేదు? 42 పెట్టారనుకోండి. బస్తాకు కిలో 420 గ్రాములు అదనం పోయినట్టు. 50 క్వింటాళ్లు పండించిన రైతుకు 125 బస్తాలు. అంటే ఒకటిన్నర క్వింటాలు పైన, సరిగ్గా లెక్కేస్తే 177 కిలోల 500 గ్రాములు. 2025-26 సీజన్‌కు ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలు 2,389 రూపాయలు. ఆ లెక్కన 4,240 రూపాయలు. ఆ పైన లారీ మిల్లుకు చేరాక "తాలుంది, తేమ ఉంది" అని మళ్లీ కోత. ఆ రెండో కోత వేసేటప్పుడు రైతు అక్కడ ఉండడు. ఫోను వస్తుంది: "మీ లారీల 3 క్వింటాళ్లు కట్ జేసిన్రు, ఒప్పుకుంటరా, లారీ వాపస్ తోలమంటరా?" లారీ వాపస్ వస్తే కిరాయి ఎవరు కట్టాలె? ఒప్పుకోక ఏం చేస్తాడు!

ఒక పోలిక చూడండి. అమెరికాలో అమెజాన్ కంపెనీ 2012లో కివా అనే రోబోల కంపెనీనే కొనేసింది. వాళ్ల గోదాముల్లో పీటంత ఎత్తున్న బండ్లు అరల కిందికి దూరి, మొత్తం అరను ఎత్తుకుని మనిషి దగ్గరికి తెచ్చి పెడతాయి. ఏ పొట్లం ఏ అరలో ఉందో ఏ నిమిషంలో అడిగినా కంప్యూటరు చెబుతుంది. ఆ పొట్లం బయలుదేరితే కొన్నవాడి ఫోనుకు కబురొస్తుంది. చెప్పుల జతకు అంత లెక్క ఉన్న ఈ కాలంలో ఆరు నెలల కష్టం లారీ ఎక్కి పోయాక చివరికి ఎన్ని కిలోలుగా రాశారో రైతుకు డబ్బు పడేదాకా తెలియని చోట్లున్నాయి. యంత్రం లేకనా? కాదు. రైతుకు చెప్పాలన్న నియమం గట్టిగా లేక.

ఈ బాధ మనకొక్కళ్లకే వచ్చిందని అనుకోవద్దు. పడవల్లోని ధాన్యాన్ని ఆవిరి యంత్రంతో ఎత్తడం మొదలైంది అమెరికాలోని బఫెలో అనే రేవు పట్నంలో. 1842-43లో జోసెఫ్ డార్ట్ అనే వ్యాపారి ఆవిరి యంత్రంతో తిరిగే బెల్టుకు బకెట్లు కట్టి పడవలోని ధాన్యాన్ని పైకి తోడించాడు. మోగాలో ఇవాళ తిరుగుతున్నదీ దాని మనవడే. ఆ ఎలివేటర్లు రైలు పట్టాల వెంట పాకి కెనడా మైదానాలకు చేరాయి. రైతు గుర్రబ్బండి కాంటా ఎక్కేది, ధాన్యం గుంటలో పడేది, బకెట్లు ఎత్తేవి. యంత్రం భేషుగ్గా పనిచేసింది. రైతుకు మాత్రం తూకంలో కోత, గ్రేడులో కోత, చెత్త పేరు చెప్పి ఇంకో కోత. ఆ మూడో కోతకు అక్కడ 'డాకేజీ' అని పేరు. మనం తరుగు అంటాం. ఎలివేటరు వద్దు, నేనే వ్యాగన్ నింపుకుంటానంటే రైలు కంపెనీ ఒప్పుకునేది కాదు.

వాళ్లు ఎలివేటర్లను కూలగొట్టలేదు. ముందు చట్టం అడిగారు. 1900లో మానిటోబా ధాన్య చట్టం వచ్చింది. రైతు నేరుగా వ్యాగన్ నింపుకోవచ్చని అందులో హక్కు రాశారు. చట్టం వచ్చాక కూడా వ్యాగన్లు వరుస ప్రకారం ఇవ్వకపోతే 1902లో సింటలూటా అనే చిన్న ఊరి రైతులు రైల్వే ఏజెంటు మీద కేసు వేసి గెలిచారు. 1911లో సస్కాచువాన్ రాష్ట్రంలో రైతులు సొంతంగా సహకార ఎలివేటర్ల కంపెనీయే పెట్టుకున్నారు. అక్కడ ఈనాటికీ ఒక పద్ధతి ఉంది. గ్రేడు, డాకేజీ విషయంలో ఎలివేటరు వాడి మాట రైతుకు నచ్చకపోతే, నమూనాను కెనడా ధాన్య కమిషన్‌కు పంపించవచ్చు. కమిషన్ చెప్పిందే ఇద్దరికీ ఖాయం.

మనకు కావాల్సింది ఇదే. కేంద్రంలో కాంటా అయ్యేటప్పుడే రెండు నమూనా పొట్లాలు తీసి, రైతు సంతకంతో సీలు వేసి, ఒకటి కేంద్రంలో ఉంచాలి. మిల్లు వాడు తాలుందంటే ఆ పొట్లం విప్పి మూడో మనిషి పరీక్షించాలి. కాంటా అంకెలు రైతు వైపు కనబడాలి. తూకం చీటీ అక్కడికక్కడే అచ్చయి చేతికి రావాలి. ఆ చీటీ వచ్చిన క్షణంతో రైతు బాధ్యత తీరిపోవాలి. దారిలో కారినా, మిల్లులో తగ్గినా అది కొన్నవాడూ మిల్లువాడూ తేల్చుకోవాల్సిన లెక్క. కోట్లు పెట్టి సైలోలు కట్టగలిగిన వాళ్లకు ఒక ప్రింటరూ, లక్కా, పొట్లాలూ భారమా?

అప్పటిదాకా మీ చేతిలో ఉన్న పని మీరు చేయండి. ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేయాలి. ముద్ర ఉందా, ఏ సంవత్సరానిది అని అడగడం మీ హక్కు. "నీకెందుకు" అంటే అక్కడే ఏదో ఉందన్న మాట. తేమ మీటరులో పోసే గింజలు కుప్ప అడుగున ఒక చోటు నుంచే తీస్తే ఒప్పుకోవద్దు. పైన, నడుమ, అడుగున తీసి కలిపి చూడమనండి. ఎండలో కాగిన వడ్లను వెంటనే మీటరులో పోసినా అంకె సరిగా రాదు, కాసేపు నీడన ఆరనివ్వాలి.

ఇక నిలవ చేసుకుని తర్వాత అమ్ముకునే సంగతి. కోత కాగానే అమ్మితే ధర లేదు, ఆగితే అప్పులవాడు ఆగడు. ఈ ఇరకాటం తీర్చడానికి మార్కెట్ కమిటీ గోదాములో సరుకు పెట్టి దాని మీద అప్పు తీసుకునే ఏర్పాటు మన దగ్గర 1980ల నుంచే ఉంది. వాడుకున్న సన్నకారు రైతులెంతమంది? మీ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టండి. గోదాముల చట్టం 2007లో వచ్చింది. 2017 నుంచి కాగితం రసీదుకు బదులు కంప్యూటరు రసీదు ఇస్తున్నారు. నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టరైన గోదాములో సరుకు పెడితే, ఎంత సరుకు, ఏ గ్రేడు అన్నది రైతు పేరు మీద నమోదవుతుంది. ఆ రసీదు మీద బ్యాంకు అప్పిస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు కోత తర్వాత ఆరు నెలల దాకా వడ్డీ రాయితీ కూడా ఉంది. బ్యాంకులు జంకకుండా అప్పులివ్వాలని 2024 డిసెంబరులో కేంద్రం 1,000 కోట్ల రూపాయల హామీ పథకం కూడా మొదలుపెట్టింది.

సైలోలో ఒక మెలిక ఉంది. బస్తాలైతే మీ బస్తాలు మీవి. సైలోలో పోస్తే మీ గింజ పది మంది గింజలో కలిసిపోతుంది. మీకు మిగిలేది రసీదులో రాసిన బరువు, గ్రేడు మాత్రమే. 'బి' అని రాస్తే మీ సరుకు ఎంత బంగారమైనా అది 'బి'యే. అందుకే గ్రేడు దగ్గర పోట్లాడే హక్కు ముందు కావాలి, సైలో తర్వాత కావాలి అంటున్నాను.

లాభం వస్తుందా అని లెక్క వేసుకోవాలి కూడా. 30 క్వింటాళ్ల మక్కలున్నాయనుకోండి, 50 కిలోల చొప్పున 60 బస్తాలు. గోదాము అద్దె బస్తాకు నెలకు 10 రూపాయలు అనుకుంటే నాలుగు నెలలకు 2,400. వాటి మీద 40,000 అప్పు తీసుకుంటే 7 శాతం వడ్డీ చొప్పున నాలుగు నెలలకు 933. రెండూ కలిపి క్వింటాలుకు 111 రూపాయలు పడింది. ఆటో కిరాయి, ఎత్తుడు దించుడు కలిపితే 150 దాకా పోతుంది. అంటే ధర క్వింటాలుకు 150 పైన పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే పెట్టాలి. తేమ సంగతీ మరువొద్దు. 17 శాతం తేమతో ఉన్న క్వింటాలు 14 శాతానికి ఎండితే మూడున్నర కిలోలు దానంతట అదే తగ్గుతుంది. అది దొంగతనం కాదు, నీరు. గోదాము వాడు పదికిలోలు తగ్గిందంటే మాత్రం అది నీరు కాదు.

హమాలీల గురించి రాయకపోతే ఈ మాట సగమే అవుతుంది. యంత్రం వస్తే ముందు పోయేది వాళ్ల పని. 50 కిలోల సంచిని రోజుకు వందల సార్లు ఎత్తి నలభై ఏళ్లకే నడుం పడిపోయిన వాళ్లను నేను చూశాను. ఆ పని యంత్రం చేస్తే మనిషిగా నేను సంతోషిస్తాను. కానీ ఆ సంతోషం వాళ్లింట్లో పొయ్యి వెలిగించదు. ఒకప్పుడు మన ఊరి వాళ్లే హమాలీలు. ఇప్పుడు చాలా మిల్లుల్లో బీహారు కూలీలు. పండక్కి వాళ్లు రైలెక్కితే ఇక్కడ దిగుమతి ఆగుతుంది, కాంటాలు ఆగుతాయి. యంత్రాలు తెచ్చే సొసైటీ ఆ యంత్రాలు నడిపే పని, బాగుచేసే పని ముందుగా ఆ ఊరి హమాలీ సంఘం వాళ్లకే నేర్పించాలి. రైతూ హమాలీ తగువులాడుకుంటే నవ్వుకునేవాడు వేరే ఉన్నాడు.

చివరిగా ఒక కబురు. సహకార సంఘాల్లోనే గోదాములు కట్టే పెద్ద పథకానికి కేంద్రం 2023 మేలో ఆమోదం తెలిపింది. మొదటి విడతలో 11 రాష్ట్రాల్లో 11 సంఘాలను ఎంచుకున్నారు. 2024 ఫిబ్రవరిలో వాటిని ప్రారంభించారు. మన రాష్ట్రం నుంచి అందులో ఉన్నది రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట సంఘం, 500 టన్నుల గోదాము. మోగా 2 లక్షల టన్నుల ముందు ఇదెంత అని చిన్నచూపు వద్దు. రైతు నడిచిపోగలిగిన దూరంలో ఉన్న 500 టన్నులే సన్నకారుకు అక్కరకొస్తాయి. అయితే లెక్క చూడండి. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లనుకుంటే 200 ఎకరాల పంటకే అది నిండిపోతుంది. మొత్తం వడ్లతో నింపి, అదీ సర్కారు కొన్న వడ్లతో నింపి తాళం వేస్తే మనకు ఒరిగేదేమీ లేదు. వడ్లకు మద్దతు ధర మీద కొనే కేంద్రమైనా ఉంది. మక్కలు, కందులు, పసుపు ఆపుకోవడానికే మనకు చోటు లేదు. మీ సొసైటీకి గోదాము మంజూరైతే మహాజన సభలో లేచి మూడు మాటలు అడగండి: ఇందులో రైతు సొంత సరుకుకు ఎన్ని టన్నుల చోటు రాసిపెట్టారు, రసీదుల కోసం నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టరు చేయించారా, డ్రయ్యరు ఎప్పుడు వస్తుంది? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి, కింద మీరూ సంతకం పెట్టి రండి.